మాటిమాటికీ పడిపోయే సర్వీసుకి ఇంకా ఎందుకు డబ్బు కడుతున్నాం?

ఎర్రబిల్డ్
ఇవాళ మళ్ళీ మా బిల్డ్ క్యూ (కోడ్‌ని రిలీజ్‌కి సిద్ధం చేసే పనుల వరస) గడ్డకట్టింది. కోడ్ పుష్ చేస్తే వెబ్‌హుక్ (కొత్త కోడ్ వచ్చిందని చెప్పే కబురు) రాదు. వచ్చినా రన్నర్ (ఆ పని చేసే మెషీన్) దొరకదు. దొరికినా మధ్యలో చచ్చిపోతుంది. సర్వీసు బాగుందో లేదో చెప్పే వాళ్ళ స్టేటస్ పేజీ చూస్తే మాత్రం పచ్చగా కళకళలాడుతోంది. మధ్యాహ్నం దాకా రిలీజ్ ఆగిపోయింది. సర్వీసు పేరు చెప్పను. మీరూ ఇలాంటిదే ఏదో ఒకటి వాడుతుంటారు కాబట్టి చెప్పాల్సిన పనీ లేదు.

దానికంటే మా టీమ్‌ని చూసి ఎక్కువ ఒళ్ళు మండింది. ఒక్కరూ విసుక్కోలేదు. "ఓహో, మళ్ళీనా" అని ఒకడు హెడ్‌ఫోన్స్ పెట్టేసుకున్నాడు. మేనేజర్ని అడిగితే "అందరికీ అంతే కదా" అన్నారు. మా ప్రాడక్ట్ ఇందులో సగం సార్లు పడినా మా కస్టమర్లు ఉతికి ఆరేస్తారు. మరి మనం కస్టమర్లం అయ్యేసరికి ఇంత ఓపిక ఎక్కణ్ణుంచి వస్తోంది? మీకు ఎక్కడ తెగుతుంది? నిజంగా వదిలేసి వెళ్ళినవాళ్ళు ఉంటే చెప్పండి. "వెళ్ళిపోదాం అనుకున్నాం" కథలు వద్దు, అవి నా దగ్గరే బోలెడున్నాయి.

పాతసర్వర్
పదిమందితో చావు పెళ్ళితో సమానం. మీ మేనేజర్ అన్నదీ అదే, కాస్త మర్యాదగా అన్నారంతే.

వడ్రంగిపిట్ట
పాతసర్వర్ అన్న ఒక్క ముక్కలో తేల్చేశాడు గానీ అసలు సంగతి అందులోనే ఉంది. పెద్ద ప్రొవైడర్ పడితే వార్తల్లో వస్తుంది. మన కస్టమర్‌కి ఆ వార్త లింకు పంపితే చాలు, "అయ్యో, మీకూ తగిలిందా" అని జాలిపడతారు. అదే ఎవరూ పేరు వినని చిన్న హోస్టింగ్ తీసుకుని అది అరగంట పడిందనుకోండి, "దీన్ని ఎంచుకున్నదెవరు" అని మీటింగ్ పెడతారు. ఆ చిన్నదాని రికార్డు పెద్దదానికంటే బాగున్నా సరే. పెద్ద పేరు కొన్నప్పుడు అప్‌టైమ్‌తో (సర్వీసు నడిచే సమయంతో) పాటు తిట్లు తప్పించుకునే హక్కు కూడా కొంటున్నాం. నన్నడిగితే బిల్లులో ఎక్కువ భాగం దానికే.

లెక్కలపిచ్చి
ముందు అంకెలు చూద్దాం. నెలకి 30 రోజులు అనుకుంటే 99.9 శాతం అప్‌టైమ్ అంటే 43 నిమిషాలు పడి ఉండొచ్చు. 99.99 అంటే నాలుగు నిమిషాల చిల్లర. ఇది ఒక్కో సర్వీసుకి. మన కోడ్ బయటికి వెళ్ళాలంటే కోడ్ హోస్టింగ్, బిల్డ్, ప్యాకేజీ రిజిస్ట్రీ, కంటైనర్ రిజిస్ట్రీ, సీక్రెట్స్, డీఎన్‌ఎస్ (సైట్ పేరుని అడ్రస్‌గా మార్చేది), క్లౌడ్... ఇలా ఓ పది ఒకేసారి బతికుండాలి. ఒక్కోటి 99.9 ఇచ్చినా, దేనికది విడిగా పడుతూ ఉంటే, పదీ కలిపి వచ్చేది సుమారు 99 శాతమే. అంటే నెలకి ఏడు గంటల పైన. ఎవరూ మాట తప్పకుండానే ఏడు గంటలు పోయాయి.

ఎర్రబిల్డ్
లెక్క ఒప్పుకుంటా. కానీ మా వాళ్ళు మాట తప్పారు కూడా. ఆ నెలవారీ కోటా ఎప్పుడో దాటేశారు. వాళ్ళ పేజీలో చూస్తే ఇంకా 99.9 పైనే చూపిస్తోంది. "కొంతమంది వినియోగదారులకు ఆలస్యం" అని రాసినవేవీ డౌన్‌టైమ్ కింద వేయరట.

లెక్కలపిచ్చి
తిరకాసు అక్కడే ఉంది. ఎస్‌ఎల్‌ఏ (ఇంత శాతం నడుస్తుందని ప్రొవైడర్ రాసిచ్చే ఒప్పందం) అంటే గ్యారంటీ అనుకుంటాం. చదివితే అదొక డిస్కౌంట్ పట్టిక. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) అద్దె సర్వర్లు, అంటే ఈసీ2కి, రీజియన్ (ఒక ప్రాంతంలోని డేటా సెంటర్ల గుంపు) స్థాయి ఒప్పందం తీయండి. నెలలో 99.99 కంటే తగ్గితే 10 శాతం క్రెడిట్, 99 కంటే తగ్గితే 30, 95 కంటే తగ్గితే మొత్తం. 95 కంటే తగ్గాలంటే నెలలో 36 గంటలకు మించి పడి ఉండాలి! ఇచ్చేది కూడా ఆ సర్వీసు బిల్లులోంచే, మనకి పోయిన వ్యాపారానికి పైసా రాదు. అదైనా మనం అడిగితేనే.

నెమలికన్ను
ఒప్పందం చదివినవాణ్ణి మొదటిసారి చూస్తున్నా. ఫొటో పెట్టండి సార్.

అర్ధరాత్రిపేజర్
ఓపిక నిమిషాలతో తెగదు అంటాను నేను. ఎందుకో చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

2017 మొదట్లో నెల తేడాతో రెండు పెద్దవి జరిగాయి. జనవరి 31న కోడ్ హోస్టింగ్ సైట్ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ తప్పు సర్వర్ మీద డేటాబేస్ డైరెక్టరీ తుడిచేశాడు. ఆపేసరికి 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లుంటే ఒక్కటీ సరిగా పనిచేయడం లేదని అప్పుడే బయటపడింది. సుమారు ఆరు గంటల క్రితం తీసిన స్నాప్‌షాట్ (అప్పటి డేటా కాపీ) ఒకటి ఉండబట్టి బతికారు. అంతకు కొన్ని వారాలకే, ఫిబ్రవరి 28న, ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్ళు దాచే సర్వీసు ఎస్3 వర్జీనియాలో పడింది. బిల్లింగ్ సిస్టమ్ నెమ్మదిగా ఉందని చూస్తూ కొన్ని సర్వర్లు తీయబోయారు, కమాండ్‌లో ఒక ఇన్‌పుట్ తప్పు పడి చాలా ఎక్కువ పోయాయి. నాలుగు గంటల పైన పట్టింది. వాళ్ళ స్టేటస్ డాష్‌బోర్డ్ కూడా ఎస్3 మీదే నడుస్తుండటంతో మొదటి రెండు గంటలు దాన్ని మార్చడానికే కుదరలేదు, పచ్చగానే ఉండిపోయింది. ట్విట్టర్‌లో చెప్పుకున్నారు.

నష్టం చూస్తే గిట్‌ల్యాబ్‌ది ఘోరం, డేటానే పోయింది. కానీ వాళ్ళు రికవరీ మొత్తం యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు, నోట్స్ అందరికీ తెరిచి పెట్టారు. తిట్టడానికి వచ్చినవాళ్ళు కూర్చుని సలహాలిచ్చారు. ఎస్3 విషయంలో ఒక్క బైట్ పోలేదు, అయినా జనానికి ఇప్పటికీ గుర్తున్నది ఆ పచ్చ గుర్తులే. మనిషి పడిపోవడాన్ని క్షమిస్తాడు, పడలేదని దబాయించడాన్ని క్షమించడు. ఎర్రబిల్డ్ తమ్ముడి మొదటి పోస్టులో కూడా క్యూ ఆగినదాని కంటే ఆ పచ్చ పేజీ గురించే కోపం ఎక్కువ కనిపించింది నాకు.

సూటిమాట
అర్ధరాత్రిపేజర్ గారి మాట వినడానికి బాగుంది గానీ నేను ఒప్పుకోను. మంచి పోస్ట్‌మార్టమ్ (ఎందుకు పడిందో చెప్పే రిపోర్టు) రాస్తే క్షమించేయడం మనకో జబ్బు. ఇంజనీర్లం కదా, కారణం ఆసక్తిగా ఉంటే నష్టం మర్చిపోతాం. గిట్‌ల్యాబ్‌లో ఆ ఆరు గంటల్లో ఇష్యూలు, కామెంట్లు రాసుకున్నవాళ్ళకి లైవ్ వీడియో ఏం ఒరగబెట్టింది? నిజాయితీ మంచిదే. దాన్ని బ్యాకప్‌కి ప్రత్యామ్నాయంగా తీసుకోవడం తప్పు. ఏటా మూడుసార్లు అద్భుతమైన రిపోర్టు రాసేవాడి కంటే ఏమీ రాయాల్సిన అవసరం రానివాడు మేలు. కానీ ఆ రెండోవాడి పేరు ఈ చర్చలో ఒక్కరూ ఎత్తరు, చూడండి.

పాతసర్వర్
ఎత్తితే ఆ రాత్రే పడిపోతుంది, అందుకని.

అర్ధరాత్రిపేజర్
సూటిమాట, బ్యాకప్ బదులు నిజాయితీ చాలని నేననలేదు. కస్టమర్లు ఎక్కడ తెంచుకుంటారు అన్నది ప్రశ్న, ఎక్కడ తెంచుకోవాలి అన్నది కాదు. ఇంకో ఉదాహరణ చూడు. 2018 అక్టోబర్ 21న ఇంకో కోడ్ హోస్టింగ్ సైట్ గిట్‌హబ్‌లో పరికరం మార్చే పనిలో 43 సెకన్లు నెట్‌వర్క్ తెగింది. ఆ 43 సెకన్లలో డేటాబేస్ ప్రైమరీ (రాతలు తీసుకునే అసలు కాపీ) అమెరికాలో ఇంకో తీరానికి మారిపోయింది, రెండు వైపులా వేర్వేరు రాతలు పడ్డాయి. సరిచేయడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. త్వరగా లేపేసి డేటా వదిలేయొచ్చు. వాళ్ళు సైట్ కుంటుతూ నడిచినా పర్లేదు, డేటా ముఖ్యం అని నిర్ణయించుకుని ఆ మాటే చెప్పారు. రోజంతా ఇబ్బంది పడ్డాం, అయినా ఆ కారణంతో వెళ్ళిపోయిన టీమ్ నాకైతే తెలీదు.

ఎర్రబిల్డ్
ఆ రోజు సుమారు రెండు లక్షల వెబ్‌హుక్‌లు గడువు దాటి రాలిపోయాయి కూడా. వాళ్ళ రిపోర్టులోనే ఉంది. డేటా ముఖ్యం అన్నమాట నిజమే గానీ, రాని వెబ్‌హుక్ కోసం కళ్ళు కాయలు కాచేలా చూసేవాడికి అదీ డేటానే :)

బిల్లుభయం
మేం వెళ్ళాం. "నిజంగా వెళ్ళినవాళ్ళు" కావాలన్నావు కదా, రాస్తున్నా.

మేనేజ్డ్ డేటాబేస్ (నిర్వహణ ప్రొవైడరే చూసుకునేది) ఒకటి వాడేవాళ్ళం. పేరు అక్కర్లేదు. పూర్తిగా పడేది కాదు, అదే పెద్ద సమస్య. రోజూ ఏదో ఒక సమయంలో కనెక్షన్లు తెగేవి, మళ్ళీ అవే కలిసేవి. టికెట్ పెడితే "మా వైపు అంతా బాగానే ఉంది, మీ కనెక్షన్ పూల్ చూసుకోండి" అని అదే జవాబు వేర్వేరు మనుషుల పేర్లతో. మా జూనియర్ ఒకతను పాపం నెలల తరబడి మా కోడ్‌లోనే తప్పు వెతికాడు. చివరికి వాళ్ళ రిలీజ్ నోట్స్‌లో ఒక మూల "ప్రాక్సీలో కనెక్షన్లు తెగే బగ్ సరిచేశాం" అని ఒక లైను కనిపించింది, అంటే తప్పు వాళ్ళ వైపుదే. ఆ లైను చదివిన రోజే వెళ్ళిపోవాలని తీర్మానం చేశాం. పెద్ద అవుటేజ్‌లు రెండు భరించాం వాళ్ళతో, అవి కారణం కాలేదు.

ఇక వెళ్ళడం సంగతి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినంత పనైంది. డేటా తరలించడం తేలికే. కానీ వాళ్ళ బ్యాకప్ పద్ధతి, అలర్ట్‌లు, పర్మిషన్లు, వాళ్ళ క్వెరీ ప్లానర్ అలవాట్లకి తగ్గట్టు మేం రాసుకున్న ఇండెక్స్‌లు, అన్నీ మళ్ళీ. కొత్తచోట మొదటి నెలల్లో పాతచోటి కంటే ఎక్కువ పడ్డాం. ఇప్పుడు బాగుంది. మళ్ళీ చేస్తావా అంటే చేస్తా, కానీ ఇంకెవరినీ ఊరికే చేయమని చెప్పను.

వడ్రంగిపిట్ట
ఆ జూనియర్‌ని తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది.

సూటిమాట
బిల్లుభయం చెప్పినది బంగారం. జనం అంతా డేటా బయటికి తీసే ఛార్జీ గురించి గొడవపడతారు. 2024లో గూగుల్ క్లౌడ్, ఏడబ్ల్యూఎస్, మైక్రోసాఫ్ట్ అజూర్ మూడూ వరసగా "పూర్తిగా వెళ్ళిపోయేవాళ్ళకి ఆ ఛార్జీ తీసేస్తాం" అన్నాయి. యూరప్ డేటా చట్టం కూడా 2025 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చింది, 2027 జనవరి నుంచి మారే ఛార్జీలు వసూలు చేయడానికే వీల్లేదు. మరి గేటు తెరిచాక జనం పరుగున వెళ్ళిపోయారా? లేదు. కట్టేసిన తాడు ఛార్జీ కాదన్నమాట. మన అలవాట్లు, మన స్క్రిప్టులు, ఆ ఒక్క ప్రొవైడర్ కోసమే పరీక్షలు రాసి తెచ్చుకున్న సర్టిఫికెట్లు. రెజ్యూమేలో ఉన్న పేరుని ఎవడు వదులుకుంటాడు?

చిట్టిక్లస్టర్
సర్టిఫికెట్ల జోలికి రావొద్దు అన్నా, గోడకి తగిలించుకున్నా.

అవతలిపక్క
నేను హోస్టింగ్ కంపెనీలో పనిచేస్తా. సపోర్ట్‌లో మొదలెట్టి ఇప్పుడు ఆపరేషన్స్. కంపెనీ పేరు అడగొద్దు. ఇక్కడ రాసినవాటిలో సగం మాకు లోపల్నుంచి ఇంకోలా కనిపిస్తాయి.

పెద్ద అవుటేజ్ జరిగిన నెలలో పెద్దగా ఎవరూ వెళ్ళరు. గట్టిగా అరిచేవాళ్ళు అసలే వెళ్ళరు, అరవడమంటే ఇంకా ఆశ ఉన్నట్టే. వెళ్ళేవాళ్ళు టికెట్లు పెట్టడం మానేస్తారు. మెల్లగా ట్రాఫిక్ తగ్గుతుంది, కొత్త ప్రాజెక్టులు మా దగ్గర మొదలవ్వవు, రెన్యువల్ నాటికి ఒక చిన్న మెయిల్ వస్తుంది. కారణం గడిలో "వ్యూహాత్మక మార్పు" అని రాస్తారు. వెనక్కి వెళ్ళి వాళ్ళ టికెట్లు చదివితే దాదాపు ఎప్పుడూ బిల్లుభయం చెప్పిన కథే. చిన్న చిన్న తెగుళ్ళు, ప్రతిసారీ "మా వైపు బాగానే ఉంది".

స్టేటస్ పేజీ గురించి కూడా చెప్తా, తిట్టుకోండి. ఆన్‌కాల్‌లో (ఏదైనా పడితే చూసే డ్యూటీలో) ఉన్నవాడు నేరుగా దాన్ని ఎర్రగా మార్చలేడు. పైన ఒకరి అనుమతి కావాలి. ఎరుపు అంటే ఎస్‌ఎల్‌ఏ లెక్క, లెక్క అంటే క్రెడిట్. అందుకే ముందు "పరిశీలిస్తున్నాం" అని పసుపు పెడతాం, పరిశీలన అయ్యేసరికి సమస్య తీరిపోతుంది.

ఎర్రబిల్డ్
అంటే పేజీ పచ్చగా ఉండటం అనేది సాంకేతిక విషయమే కాదన్నమాట! మీ నిజాయితీకి దండం గానీ, రక్తపోటు పెరిగింది.

సూటిమాట
అనుమతి ఇచ్చే ఆ పైవాడు ఈ వేదికలో ఉంటే బావుండు.

అవతలిపక్క
అన్నిచోట్లా ఇలాగే అనను. వెబ్‌సైట్లని జనానికి వేగంగా చేరవేసే ఫాస్ట్‌లీ 2021 జూన్ 8న పడినప్పుడు నిమిషంలోపే వాళ్ళకి తెలిసిపోయింది, 49 నిమిషాల్లో 95 శాతం నెట్‌వర్క్ మామూలైంది. ఒక కస్టమర్ చేసిన సరైన మార్పే వాళ్ళ కోడ్‌లో దాక్కున్న బగ్‌ని లేపింది. ఆ కస్టమర్ మార్పు సరైనదేనని వాళ్ళే రాశారు. ఆ ఒక్క వాక్యం రాయడానికి లోపల ఎంత గొడవ జరిగి ఉంటుందో నేను ఊహించగలను.

చిట్టిక్లస్టర్
మరి మల్టీ క్లౌడ్? ఒకటి పడితే ఇంకోటి. ఇంత చర్చ ఎందుకు?

పాతసర్వర్
రెండు బిల్లులు, రెండు రకాల పర్మిషన్లు, రెండు వైపులా ఎవరికీ పూర్తిగా తెలియని టీమ్. ఒక్కదాంట్లోనే అర్ధరాత్రి లేస్తున్నాం, రెండింట్లో లేద్దాం అంటావా చిట్టీ?

అర్ధరాత్రిపేజర్
దానికి తోడు, రెండు క్లౌడ్‌లు పెట్టుకున్నవాళ్ళలో చాలామందికి ముందున్న ద్వారం ఒకటే. 2025 నవంబర్ 18న, సైట్ల ముందు నిలబడి ట్రాఫిక్ దాటించే క్లౌడ్‌ఫ్లేర్ పడినప్పుడు చూశాం. డేటాబేస్ పర్మిషన్ ఒకటి మార్చితే బాట్‌లని గుర్తించే ఫైలు సైజు రెట్టింపైంది, ఆ సైజు మోయలేక ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ కూలింది. వెనక మీ సర్వర్లు ఎన్ని క్లౌడ్‌లలో హాయిగా ఉన్నా ముందు తలుపు మూసుకుపోయింది. ఏది పడిందో చూసుకుందామని వెళ్తే డౌన్‌డిటెక్టర్ కూడా తెరుచుకోలేదు.

అంతకు ముందు నెల, అక్టోబర్ 20న, ఏడబ్ల్యూఎస్ వర్జీనియాలో డైనమోడీబీ అనే డేటాబేస్ సర్వీసు డీఎన్‌ఎస్ రికార్డు ఖాళీ అయిపోయింది. రెండు ఆటోమేషన్లు ఒకదాని పనిని ఒకటి తుడిచేసుకున్నాయి. మేం ఇంకో ఖండంలో ఉన్నాం, మాకేంటి అనుకున్నవాళ్ళకి కూడా సెగ తగిలింది, ఎందుకంటే ఐఏఎం (ఎవరికి ఏ అనుమతి ఉందో చూసేది) లాంటి కొన్నింటి అదుపు ఆ రీజియన్‌లోనే ఉంది. సొంతంగా ఏం వాడుతున్నాం అన్నది తెలుసుకోవడం ఒక ఎత్తు. మనం వాడే టూల్స్ వాళ్ళు ఏం వాడుతున్నారో తెలుసుకోవడం ఇంకో ఎత్తు.

నెమలికన్ను
డౌన్‌డిటెక్టర్ పడిందో లేదో చెప్పడానికి ఇంకో సైట్ పెడితే? పెట్టుబడి ఎవరైనా?

లెక్కలపిచ్చి
అర్ధరాత్రిపేజర్ చెప్పినదాన్ని బట్టి నా పై లెక్క కూడా తప్పుతోవ పట్టించేదే. "దేనికది విడిగా పడితే" అన్నా కదా, అవి విడిగా పడవు. పదీ ఒకే పునాది మీద ఉంటే పదీ కలిసే పడతాయి. మొత్తం డౌన్‌టైమ్ తగ్గుతుంది, కానీ పడిన రోజు చేయడానికి ఏమీ ఉండదు. బహుశా ఆ ఏమీ చేయలేకపోవడమే ఓపికలా కనిపిస్తోంది బయటికి.

వడ్రంగిపిట్ట
ఇది బావుంది. మా ఇంట్లో కూడా నన్ను చాలా ఓపికమంతుడు అంటారు.

కాపలాదారు
చర్చ బాగా నడుస్తోంది. పైన ఒక పోస్టులో ప్రొవైడర్ ఉద్యోగి పేరు ఉంటే తీసేశాను. కంపెనీలని విమర్శించండి, మనుషుల పేర్లు వద్దు.

దోసిలి
ఎవరూ అసలు గీత గురించి మాట్లాడటం లేదు. పడిపోవడం వేరు, తుడిచేయడం వేరు. 2022 ఏప్రిల్‌లో టీమ్‌లు పనులు రాసుకునే టూల్స్ అమ్మే అట్లాసియన్ ఒక పాత యాప్‌ని తీసేయబోయి స్క్రిప్టుకి తప్పు ఐడీలు ఇచ్చింది. 775 కస్టమర్ల సైట్లు మొత్తం తొలగిపోయాయి. కొందరికి తిరిగి రావడానికి 14 రోజులు పట్టింది. సైట్‌తో పాటు కస్టమర్ల కాంటాక్ట్ వివరాలు కూడా పోవడంతో ఎవరికి ఫోన్ చేయాలో వాళ్ళకే తెలియలేదు. టికెట్ పెడదామంటే సరైన సైట్ అడ్రస్ కావాలి, ఆ సైటే లేదు.

2024 మేలో ఆస్ట్రేలియా పెన్షన్ ఫండ్ యూనిసూపర్‌కి గూగుల్ క్లౌడ్‌లో ఇంకో రకం. ప్రైవేట్ క్లౌడ్ ఏర్పాటు చేసేటప్పుడు ఒక పారామీటర్ ఖాళీగా వదిలేశారు. ఏడాది గడువు దానంతటదే పడి, గడువు తీరాక మొత్తం తుడుచుకుపోయింది. ఇంకో ప్రొవైడర్ దగ్గర కూడా బ్యాకప్‌లు ఉంచుకోవడం వాళ్ళకి కలిసొచ్చింది.

43 నిమిషాలా నాలుగు నిమిషాలా అన్నది తర్వాత. ఆ ప్రొవైడర్ రేపు పొద్దున మీ అకౌంట్ తీసేస్తే మీ దగ్గర ఏముంటుంది?

బిల్లుభయం
దోసిలి అక్క మాటకి ఒకటి కలుపుతా. 2021 మార్చి 10న స్ట్రాస్‌బర్గ్‌లో ఫ్రాన్స్ హోస్టింగ్ కంపెనీ ఓవీహెచ్ డేటా సెంటర్ ఒకటి పూర్తిగా కాలిపోయింది. డబ్బు కట్టి తీసుకున్న బ్యాకప్ కూడా అక్కడే ఉండి రెండూ పోగొట్టుకున్న ఒక కస్టమర్ కోర్టుకెళ్తే, 2023లో ఫ్రాన్స్ కోర్టు పరిహారం ఇమ్మంది. బ్యాకప్ అసలుకి దూరంగా ఉండాలన్న మాట ఒప్పందంలో ఉందా లేదా అన్నదాని మీదే వాదన నడిచింది. అంటే ఒప్పందం చదవడం వల్ల లాభం ఉంటుంది, నెమలికన్ను గారూ.

నెమలికన్ను
ఫొటో అడిగింది అందుకే, పూజించుకుందామని.

రెండోపుష్
ఉచితంగా వాడుకునేవాళ్ళ సంగతేంటి? నేను సొంత ప్రాజెక్టులు నడుపుతా, ఒక్క రూపాయి కట్టను. పడితే తిట్టే హక్కు నాకుందా?

సూటిమాట
ఉంది. ఉచితం అన్నది వాళ్ళ వ్యాపార నిర్ణయం, దానం కాదు. నిన్ను అలవాటు చేసి నీ ఆఫీసుకి అమ్ముకుంటారు. కానీ తిట్టడం కంటే వెళ్ళడం నీకు తేలిక. ఉచితంగా ఉన్నవాడికి ఒప్పందం లేదు, రెన్యువల్ లేదు, మేనేజర్ లేడు. 2025 నవంబర్‌లో జిగ్ ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టు గిట్‌హబ్ వదిలి కోడ్‌బర్గ్‌కి వెళ్ళిపోయింది. గిట్‌హబ్ బిల్డ్ సర్వీసు యాక్షన్స్‌లో బగ్‌లు పట్టించుకోవడం లేదన్నది వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి. కోడ్‌బర్గ్‌ని నడిపేది లాభాపేక్ష లేని సంఘం, అది పడదని కాదు. పడినప్పుడు వాళ్ళని చూసే చూపు వేరుగా ఉంటుంది.

రెండోపుష్
అంటే లాభం చూసుకోనివాడు పడితే పాపం అంటాం, లాభం చూసుకునేవాడు పడితే మోసం అంటాం. మంచి న్యాయమే!

సూటిమాట
న్యాయం అనలేదు. అలా ఉంటుందన్నా.

అవతలిపక్క
రెండోపుష్ అడిగినదానికి ఇంకో వైపు. యాప్‌లు నడిపిపెట్టే హెరోకు 2022 నవంబర్ 28తో ఉచిత ప్లాన్ ఆపేసింది. ప్రొవైడర్ పడిపోకపోయినా "నమ్మదగనివాడు" అవ్వొచ్చు. రేపు ధర మార్చడు, ప్లాన్ ఎత్తేయడు, ఏపీఐ ఆపేయడు అన్న నమ్మకం కూడా విశ్వసనీయతలో భాగమే. దానికి శాతాలు లేవు, అందుకే ఎవరూ కొలవరు.

ఎర్రబిల్డ్
ఇదంతా ఇవాళ మేనేజర్‌తో కూర్చుని మాట్లాడాను. ఆయన సగం కూడా వినలేదు, కానీ లెక్కలపిచ్చి అన్న "ఏమీ చేయలేకపోవడమే ఓపికలా కనిపిస్తోంది" దగ్గర ఆగారు. తేల్చుకున్నది ఇది.

కోడ్ హోస్టింగ్ ఎక్కడికీ కదలదు. దాన్ని కదిపితే బిల్లుభయం కథ మాకూ రిపీట్ అవుతుంది. రన్నర్లు మాత్రం మా సొంత మెషీన్ల మీదకి తెస్తున్నాం. బిల్డ్ చేసే పని మొత్తం మామూలు స్క్రిప్టుల్లోకి తీసేసి, వాళ్ళ కాన్ఫిగ్ ఫైలులో "ఈ స్క్రిప్టు నడుపు" అన్న పిలుపు తప్ప ఇంకేం లేకుండా చేస్తాం. అప్పుడు క్యూ గడ్డకట్టినా ఒకరు లాప్‌టాప్ నుంచి అదే స్క్రిప్టు నడిపి రిలీజ్ చేయొచ్చు. ప్యాకేజీలకి ఒక లోకల్ మిర్రర్ (మా దగ్గరే ఒక నకలు). రిపోజిటరీల కాపీ రోజూ ఇంకోచోటికి. సూటిమాటకి ఇది చాలదని తెలుసు.

సూటిమాట
చాలదు గానీ చాలామంది చేసేదానికంటే ఎక్కువే. ఒక్క అనుమానం. సొంత రన్నర్ అయినా పని అప్పగించేది వాళ్ళ క్యూనే కదా?

ఎర్రబిల్డ్
అవును, అందుకే ఆ లాప్‌టాప్ దారి. నెలకోసారి కావాలనే ఆ దారిలో రిలీజ్ చేయాలని పెట్టుకున్నాం. లేకపోతే అవసరం పడిన రోజున టోకెన్ గడువు తీరిపోయి ఉంటుంది.

దోసిలి
ఆ లాప్‌టాప్ దారికి సంతకం చేసే కీ (రిలీజ్ మీదేనని ముద్ర వేసే డిజిటల్ తాళం) ఎక్కడుంటుంది? ఎవరి మెషీన్‌లో పడితే వారి మెషీన్‌లో ఉంటే ఇంకో రకం అవుటేజ్ కొని తెచ్చుకున్నట్టే.

ఎర్రబిల్డ్
ఇద్దరి దగ్గర హార్డ్‌వేర్ కీలు అనుకుంటున్నాం అక్కా. సెక్యూరిటీ వాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు.

బిల్లుభయం
అన్నీ సరే, మీ ప్రొవైడర్ దగ్గర క్రెడిట్ అడిగారా?

ఎర్రబిల్డ్
లేదు. అంత చిన్న మొత్తానికి ఎందుకని.

లెక్కలపిచ్చి
అడగాలి. ప్రతి ఒప్పందంలో గడువు ఉంటుంది, మీది చూసుకోండి. ఏడబ్ల్యూఎస్ ఈసీ2కి అయితే ఘటన జరిగాక రెండో బిల్లింగ్ సైకిల్ ముగిసేలోగా వాళ్ళకి చేరాలి. తేదీలు, సమయాలు, ఏ రిసోర్స్‌కి దెబ్బ తగిలిందో ఐడీలు, ఎర్రర్‌లు చూపించే లాగ్‌లు అన్నీ జతచేయాలి. గడువు దాటితే అంతే.

వడ్రంగిపిట్ట
ఆ ఫారం నింపే టైమ్‌కి నా జీతం లెక్కేస్తే క్రెడిట్ కంటే ఎక్కువవుతుంది.

అవతలిపక్క
అయినా పెట్టండి. మా దగ్గర తిట్లు ఎవరూ కూడి చూడరు. ఇచ్చిన క్రెడిట్లు మాత్రం ఫైనాన్స్ వాళ్ళ షీట్‌లో ఒక వరసలో వస్తాయి, ఆ వరస పెరిగితే పైన అడుగుతారు. నేను నాలుగు సంతకాలతో కూడా తెప్పించలేని కొత్త హార్డ్‌వేర్ ఒకసారి ఆ వరస వల్లే వచ్చింది.

సూటిమాట
ఎర్రబిల్డ్, ముందు లాగ్‌లు ఎన్నాళ్ళు ఉంచుతారో చూసుకో. గిట్‌హబ్ యాక్షన్స్‌లో అయితే మనం మార్చకపోతే 90 రోజులు. మిగతాచోట్ల ఇంకా తక్కువ ఉండొచ్చు.

ఎర్రబిల్డ్
చూశా. మా ప్లాన్‌లో 30 రోజులేనట. డౌన్‌లోడ్ పెట్టాను, నడుస్తోంది.